ఇంగ్లండ్ కాటేజ్ తోటలో నిలువెత్తు పూలమొక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా వరకు పెరటిలో కొత్తిమీర, మెంతికూర, గోంగూరలతో తోటపని మొదలుపెడతాయి. మూడో వేసవికో నాలుగో వేసవికో పక్కింటి గోడ మీదుగా తొంగిచూసే నీలిరంగు డెల్ఫీనియంల మీదకు మనసు పోతుంది. అక్కడి నుంచి నాకు ప్రతి ఏడూ అవే సందేహాలు, దాదాపు అవే మాటల్లో వస్తున్నాయి కాబట్టి వాటిని అడిగినవారి మాటల్లోనే ఉంచి, పని జరిగే క్రమంలో ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను. నెలల లెక్క, చలి లెక్క అంతా ఇంగ్లండ్ మధ్య, దక్షిణ ప్రాంతాలకు చెందినది. ఉత్తరాదివారు వసంతకాలపు పనులను రెండు మూడు వారాలు ఆలస్యంగా చేసుకోవాలి.

## మొదలుపెట్టే ముందు

కాటేజ్ గార్డెన్ అంటే ఏమిటి? మాది కొత్త కాలనీలో కట్టిన మామూలు ఇల్లు, అక్కడ కుదురుతుందా?

కుదురుతుంది. పల్లెటూళ్ళలో కూలినాలి చేసుకునే కుటుంబాలు ఇంటి ముందున్న కొద్దిపాటి జాగాలో కూరగాయలు, మందుమొక్కలు, పూలు కలగలిపి పెంచుకున్న పద్ధతికే ఆ పేరు వచ్చింది. మన పల్లె పెరళ్ళలో బచ్చలి పక్కన కనకాంబరం, దాని పక్కన తులసి ఉన్నట్టే అక్కడా ఉండేవి. 19వ శతాబ్దం చివర తోటపని రచయిత విలియమ్ రాబిన్సన్, సర్రేలోని మన్‌స్టెడ్ వుడ్‌లో తోట వేసిన గెర్ట్రూడ్ జెకిల్ వంటివారు ఆ పద్ధతిలోని అందాన్ని పైవర్గాల తోటల్లోకి తీసుకువెళ్ళారు. దీనికి గడ్డికప్పు ఇల్లు, గులాబీల గుమ్మం అవసరం లేదు. మూడు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు గల మడి ఉంటే చాలు. వెడల్పు మీటరు కంటే తగ్గితే మాత్రం ఎత్తు మొక్కలు గోడకు ఆనించి నిలబెట్టిన కర్రల్లా కనిపిస్తాయి.

పెరినియల్ అంటే ఒకసారి నాటితే జన్మంతా పూస్తుందనేగా?

ఆ నమ్మకంతోనే చాలామంది నిరాశపడతారు. బహువార్షికం అంటే రెండేళ్ళకు మించి బతికే మొక్క అని మాత్రమే అర్థం. లూపిన్ సాధారణంగా ఐదారేళ్ళకు ముసలిదైపోతుంది. డెల్ఫీనియం మంచి నేలలో అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది కానీ తడి నిలిచే నేలలో రెండో శీతాకాలాన్ని దాటదు. హోలీహాక్‌ను దుకాణాల్లో బహువార్షికంగానే అమ్ముతారు, అయినా మొదటి రెండు పూతల తర్వాత అది నీరసిస్తుంది. ఫాక్స్‌గ్లోవ్‌లో మామూలు ఊదారంగుది అసలు ద్వైవార్షికం, అంటే మొదటి ఏడు ఆకులు వేసి, రెండో ఏడు పూసి, గింజ రాల్చి పోతుంది. ఇవన్నీ కాటేజ్ తోటలో శాశ్వతంగా ఉన్నట్టు కనిపించడానికి కారణం తమ గింజలు తామే రాల్చుకుని కొత్తవి మొలవడమో, తోటమాలి నాలుగేళ్ళకోసారి దుబ్బును విడదీయడమో, అంతే. నిజంగా దశాబ్దాలు నిలిచేవి కావాలంటే జపనీస్ అనెమొనీ, ఎకినాప్స్, వెరోనికాస్ట్రం వంటివాటిని ఎంచుకోవాలి.

మొదటిసారి పెంచుతున్నాం. ఏ మొక్కలతో మొదలుపెట్టమంటారు?

అందరూ డెల్ఫీనియంతో మొదలుపెడతారు, నేను మాత్రం వద్దంటాను. అది ఈ తోటకు మహారాణి, ఆమెకు పరిచారకులు చాలామంది కావాలి. మొదటి ఏడాది వెర్బీనా బొనారియెన్సిస్, హెలీనియం, కాంపానులా లాక్టిఫ్లోరా, వెరోనికాస్ట్రం నాటండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన వెర్బీనా మీటరున్నర దాకా ఎదుగుతుంది, కాడలు సన్నగా ఉన్నా గట్టివి, ఊతం అడగదు, జూలై నుంచి చలి ముదిరేదాకా పూస్తుంది. హెలీనియం పూలు బంతిపూల రంగుల్లో ఉంటాయి కనుక మనవారికి వెంటనే నచ్చుతాయి. కాంపానులా లేత నీలిరంగులో జూలై నిండుగా కనిపిస్తుంది. వెరోనికాస్ట్రం మీటరున్నర ఎత్తున కొవ్వొత్తులు నిలబెట్టినట్టు ఉండి గాలికి వంగదు. ఇవి నాలుగూ కుదురుకున్నాక, రెండో ఏడు డెల్ఫీనియం తెచ్చుకుంటే పని మీ చేతికి అలవాటై ఉంటుంది.

మా నేలంతా బంకమట్టి. ఇసుక కలిపితే సరిపోతుందా?

ఇసుక కలపవద్దు. కొద్దిపాటి ఇసుక బంకమట్టిలో కలిస్తే మట్టి వదులు కాదు, ఎండినప్పుడు ఇటుకలా బిగుస్తుంది. చేయవలసినది ఏటా శరదృతువులో బాగా మాగిన కంపోస్టునో, పశువుల ఎరువునో నాలుగైదు సెంటీమీటర్ల మందంగా మడి మీద పరచి వదిలేయడం. లోపలికి లాక్కుపోయే పని వానపాములది. రెండు మూడేళ్ళలో పార దిగే తీరులోనే తేడా తెలుస్తుంది. వాన పడి మట్టి జిగటగా ఉన్నప్పుడు మడిలోకి అడుగు పెట్టకూడదు, ఎందుకంటే ఒక్క అడుగు బరువుకు లోపలి గాలి సందులన్నీ మూసుకుపోతాయి. బంకమట్టికి మంచి గుణం కూడా ఉంది: అది పోషకాలను, నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే హెలీనియం, ఆస్టర్, ఫ్లాక్స్ వంటివి ఇసుక నేలలో కంటే బంకమట్టిలోనే బలంగా పెరుగుతాయి. డెల్ఫీనియం, లూపిన్‌లకు మాత్రం శీతాకాలపు తడే అసలు శత్రువు. వాటి కోసం మడిలో కొంత భాగాన్ని పదిహేను సెంటీమీటర్లు ఎత్తు చేసుకోవాలి.

మా పెరట్లో ఫెన్స్ పక్కన ఎండ పూటకు మూడు గంటలే. అక్కడ ఏమైనా ఎత్తుగా పూస్తాయా?

పూస్తాయి. ఫాక్స్‌గ్లోవ్ అడవి అంచుల మొక్క, పలుచటి నీడే దానికి ఇష్టం. జపనీస్ అనెమొనీ, థాలిక్ట్రం, గోట్స్‌బియర్డ్ కూడా మూడు నాలుగు గంటల ఎండతో సరిపెట్టుకుంటాయి. ఫెన్స్‌కు ఆనుకున్న నేలలో నీడకంటే పొడితనం పెద్ద సమస్య, ఎందుకంటే గాలివాటున పడే వానను ఫెన్స్ అడ్డుకుంటుంది. కనీసం నలభై సెంటీమీటర్లు ఎడంగా నాటండి. అనెమొనీ వేళ్ళతో పాకి పక్కవాటి చోటును ఆక్రమిస్తుందని తెలిసే తెచ్చుకోండి.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఇవి విషపు మొక్కలంటున్నారు, నిజమేనా?

కొన్నిటి విషయంలో పూర్తిగా నిజం. ఫాక్స్‌గ్లోవ్ మొక్కలో ప్రతి భాగమూ గుండె మీద పనిచేస్తుంది. ఒళ్ళంతా నీరు పట్టే జబ్బుకు దాని ఆకును వాడిన తీరును బర్మింగ్‌హామ్ వైద్యుడు విలియమ్ విథరింగ్ 1785లో ప్రకటించాడు. మోతాదు కాస్త మించితే ప్రాణం తీస్తుందని కూడా అప్పుడే హెచ్చరించాడు. డెల్ఫీనియం ఆకులు, గింజలు విషపూరితమైనవి. లూపిన్ కాయలు మన చిక్కుడు, బఠానీ కాయల్లా నూగుతో కనిపిస్తాయి కాబట్టి పిల్లలు ఒలిచి నోట్లో పెట్టుకునే ప్రమాదం ఎక్కువ. పూత అయిన వెంటనే కంకిని కోసేస్తే కాయలే ఉండవు. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది మంక్స్‌హుడ్. ఆయుర్వేదంలో వత్సనాభి అని పేరున్న విషమొక్క దీని జాతిదే. నీలిరంగు పూలతో చాలా అందంగా ఉంటుంది గానీ ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో నేనైతే నాటను, పెద్దవారు కూడా చేతి తొడుగులు లేకుండా దాన్ని ముట్టకూడదు. హోలీహాక్, ఫ్లాక్స్, వెర్బీనా, కాంపానులాల గురించి అంత భయం అక్కర్లేదు.

ఇంకొక జాగ్రత్త. పూత రాని ఫాక్స్‌గ్లోవ్ ఆకులు చూడడానికి ఆకుకూరలా మెత్తగా, వెడల్పుగా ఉంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు పెరట్లో కనిపించిన లేత ఆకును కూరకు కోసే అలవాటున్నవారు. వారు వచ్చిన మొదటి రోజే మొక్కను చూపించి చెప్పండి.

## నారు, నాటడం

విత్తనాలు వేయాలా, కుండీలో మొక్క కొనాలా?

హోలీహాక్, ఫాక్స్‌గ్లోవ్, లూపిన్, వెర్బీనా విత్తనాల నుంచి సులువుగా వస్తాయి, డబ్బు పెట్టి మొక్క కొనవలసిన పని లేదు. మే నుంచి జూలై లోపు వేస్తే సెప్టెంబరుకు నాటడానికి సిద్ధమై, మరుసటి ఏడు జూన్‌లో పూస్తాయి. లూపిన్ గింజ పెంకు గట్టిది కనుక మినుములు నానబెట్టినట్టు రాత్రంతా నానబెట్టాలి. ఫాక్స్‌గ్లోవ్ గింజ ఆవాల కంటే ఎంతో సన్నది, దానికి వెలుతురు కావాలి కాబట్టి మట్టి కప్పకుండా పైనే చల్లి తేలికగా అదమాలి. హెలీనియం, ఫ్లాక్స్, వెరోనికాస్ట్రంలలో పేరున్న రకాలు గింజ ద్వారా తల్లి లక్షణాలతో రావు, అవి కొనాలి. కొనేటప్పుడు పూలున్న పెద్ద కుండీని కాకుండా, అడుగున తెల్లటి వేళ్ళు ఆరోగ్యంగా కనిపిస్తున్న తొమ్మిది సెంటీమీటర్ల కుండీని ఎంచుకోండి. రెండో ఏడాదికి రెండూ ఒకే ఎత్తు అవుతాయి, ధరలో తేడా మాత్రం మీ జేబులో మిగులుతుంది.

డెల్ఫీనియం విత్తనాలు రెండుసార్లు వేశాను, ఒక్కటీ మొలవలేదు. తప్పెక్కడ?

చాలావరకు తప్పు మీది కాదు, గింజది. డెల్ఫీనియం గింజ మామూలు గది వేడిలో త్వరగా జీవం కోల్పోతుంది. దుకాణంలో వెచ్చటి అరలో ఏడాది పాటు వేలాడిన పొట్లం నుంచి మొలక ఆశించడం కష్టం. కొత్త గింజను తెచ్చి, గాలి చొరని డబ్బాలో పెట్టి, విత్తే రోజు దాకా ఫ్రిజ్‌లో ఉంచండి. ఇక మీ వల్ల జరిగే పొరపాటు వేడి ఎక్కువ చేయడం. మిరప, టమాటా నారుకు చేసినట్టు రేడియేటర్ మీద ట్రే పెడితే ఇవి మొలవవు. పదిహేను డిగ్రీల దగ్గర ఉండే చల్లటి గదిలో, గింజ కనిపించనంత పలుచగా మట్టి కప్పి, తడి ఆరకుండా చూస్తే రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి.

ఏ నెలలో నాటాలి? ఎంత దూరం వదలాలి?

సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్య దాకా ఒక అదను, మార్చి చివర నుంచి మే దాకా మరొకటి. మట్టి ఇంకా వెచ్చగా ఉండి వానలు మొదలయ్యే సెప్టెంబరే మేలు. తడి నిలిచే బంకమట్టి అయితే మాత్రం వసంతంలోనే నాటండి. దూరం విషయంలో అందరం తప్పు చేస్తాం, ఎందుకంటే చేతిలో ఉన్న మొక్క గుప్పెడంతే ఉంటుంది. డెల్ఫీనియంకు అరవై నుంచి డెబ్బై ఐదు సెంటీమీటర్లు, హోలీహాక్‌కు అరవై, హెలీనియం, ఫ్లాక్స్‌లకు నలభై ఐదు వదలాలి. మొదటి ఏడు మధ్యలో కనిపించే ఖాళీలో కాస్మోస్ వంటి ఏకవార్షికాలు చల్లుకుంటే కంటికి లోటుండదు.

ఎత్తు మొక్కలన్నీ వెనక వరసలోనే ఉండాలా?

అలా పెడితే స్కూల్లో తీసిన గ్రూప్ ఫోటోలా ఉంటుంది. వెర్బీనా, థాలిక్ట్రం వంటి సన్నకాడల మొక్కల గుండా వెనక ఉన్నవి కనిపిస్తూనే ఉంటాయి కనుక వాటిని ముందుకు తేవచ్చు. ఆకులు దట్టంగా ఉండే డెల్ఫీనియం, హెలీనియంలను నడిమి వరసకు వెనకగా ఉంచాలి. హోలీహాక్‌కు గోడ పక్కన ఇరుకు చోటు కూడా సరిపోతుంది, ఇటుకల సందులో మొలిచినదే ఒక్కోసారి నాటినదానికంటే ఎత్తుకు పోతుంది.

మేము అద్దె ఇంట్లో ఉంటున్నాం. కుండీల్లో పెంచవచ్చా?

పెంచవచ్చు, కానీ కుండీ కనీసం నలభై సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉండాలి, ప్లాస్టిక్‌ది కాకుండా బరువైనదైతే గాలికి పడిపోదు. లూపిన్, వెర్బీనా కుండీలో బాగానే ఉంటాయి. హోలీహాక్‌కు ముల్లంగిలా లోతుకు దిగే తల్లివేరు కాబట్టి కుండీ దానికి చెర. నేలలో నాటేట్లయితే ఇంటి యజమానిని ముందే అడిగి, వెళ్ళేటప్పుడు తవ్వుకుపోవచ్చా లేదా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి.

## ఎదిగే కాలం

జూన్‌లో ఒక్క గాలివానకే డెల్ఫీనియం అంతా విరిగిపోయింది. కర్ర కట్టాను కూడా. ఎందుకిలా?

కర్ర ఎప్పుడు కట్టారన్నదే అసలు ప్రశ్న. పొట్లతీగ పాకడం మొదలుపెట్టాక పందిరికి గుంజలు వెతికేవారు మనలో ఎవరూ లేరు. అయినా ఇక్కడికి వచ్చాక, మొక్క పక్కకు ఒరిగిన రోజునే వెదురు కర్ర కోసం పరుగెత్తుతాం. అప్పటికే కాండం మొదట్లో బీట పడి ఉంటుంది. చిగుళ్ళు మోకాలి లోపు, అంటే ముప్పై సెంటీమీటర్లున్నప్పుడు, ఏప్రిల్‌లోనే ఊతం పాతాలి. ఆ రోజు తోట ఖాళీ మడిలో కర్రల అడవిలా కనిపిస్తుంది. మే చివరకు ఆకులు అన్నిటినీ కప్పేస్తాయి.

డెల్ఫీనియం కాండం లోపల బోలు, పెళుసు. కంకి నిండా విచ్చిన పూలు వాననీటిని పట్టుకుని బరువెక్కుతాయి. అప్పుడు గాలి వీస్తే కాండం వంగదు, విరుగుతుంది. అందుకే ఒక దుబ్బు మధ్యలో ఒక్క కర్ర పాతి అన్నిటినీ కట్టకట్టి బిగిస్తే లాభం లేదు. దాని వల్ల గుత్తిలా బిగుసుకుని, కట్టు దగ్గరే విరుగుతాయి. మంచి పూకంకి కావాలంటే ప్రతి కాండానికీ ఒక వెదురు కర్ర పెట్టి, ముప్పై సెంటీమీటర్లకొకసారి మెత్తటి పురికొసతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. కర్ర చివర పూలు మొదలయ్యే చోటికి ఒకింత పైన ఆగితే చాలు. అంత ఓపిక లేకపోతే దుబ్బు చుట్టూ నాలుగైదు కర్రలు పాతి, రెండు మూడు ఎత్తుల్లో పురికొసను చుట్టి, మధ్యలో అడ్డంగా కూడా దాటించండి.

హెలీనియం, ఆస్టర్, ఫ్లాక్స్‌ల పద్ధతి వేరు. శీతాకాలంలో నరికిన హేజెల్, బర్చ్ కొమ్మలను రెమ్మలతో సహా దుబ్బు చుట్టూ గుచ్చి, పై చివరలను లోపలికి వంచితే, మొక్క ఆ కొమ్మల గుండా పెరిగి తనంతట తానే నిలబడినట్టు ఉంటుంది. నాకు ఈ పద్ధతే అన్నిటికంటే ఇష్టం. దొరకనివారు ఇనుప వలయాలు కొనుక్కోవచ్చు, కానీ అవి కూడా ఏప్రిల్‌లోనే పెట్టాలి, ఎదిగిన మొక్క మీద వలయాన్ని తొడగడం సగం కాడలను విరచడమే.

కర్రల కొనలకు రబ్బరు టోపీనో, చిన్న మట్టి కుండీనో బోర్లించండి. కలుపు తీయడానికి వంగినప్పుడు సన్నటి వెదురు కొన కంటికి కనిపించదు, కంట్లో గుచ్చుకున్నాకే తెలుస్తుంది.

సాయంత్రం చూసిన చిగుళ్ళు పొద్దున్నకు లేవు. ఏం తిన్నాయి?

స్లగ్గులు, అంటే పెంకు లేని నత్తలు. తడిసిన రాత్రి పది గంటలకు టార్చితో వెళితే మీకే కనిపిస్తాయి. డెల్ఫీనియం, లూపిన్ లేత చిగుళ్ళు వాటికి విందుభోజనం. నా మొదటి మూడు డెల్ఫీనియంలు ఒక్క వారంలో అలాగే పోయాయి, గింజ మంచిది కాదనుకుని మళ్ళీ మూడు కొన్నాను, అవీ పోయాయి. నత్తలను చంపే మెటాల్డిహైడ్ మందున్న గుళికలను ఆరుబయట వాడడం గ్రేట్ బ్రిటన్‌లో 2022 ఏప్రిల్ నుంచి నిషిద్ధం. గరాజ్‌లో పాత డబ్బా మిగిలి ఉంటే వాడకుండా పురపాలక వ్యర్థాల కేంద్రంలో అప్పగించండి. ఫెర్రిక్ ఫాస్ఫేట్ గుళికలు అనుమతిలో ఉన్నాయి, వాటిని గుప్పెళ్ళతో కాక నాలుగు గింజలు చల్లినట్టు పలుచగా చల్లాలి. నీళ్ళలో కలిపి పోసే నెమటోడ్‌లు, అంటే కంటికి కనిపించనంత సన్నటి పురుగులు, మట్టి ఐదు డిగ్రీల పైన వెచ్చబడ్డాక పనిచేస్తాయి, దాదాపు ఆరు వారాలు కాపాడతాయి. గుడ్డు పెంకులు, కాఫీ పొడి పిప్పి నమ్మదగినవి కావు. అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది చిగుళ్ళు వచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రిపూట చేత్తో ఏరడం. చిగుళ్ళు అడుగు దాటితే సగం గండం గడిచినట్టే.

బాగా పెరగాలని కోళ్ళ ఎరువు దండిగా వేశాను. ఆకులు ఏపుగా ఉన్నాయి, పూలు లేవు. ఎందుకు?

నత్రజని ఎక్కువైంది. వరికి యూరియా ఎక్కువైతే చేను పడిపోయినట్టే, ఈ మొక్కలు కూడా మెత్తటి కాడలతో పొడుగ్గా పెరిగి, పూత తగ్గి, పడిపోతాయి. డెల్ఫీనియం తిండిపోతు కాబట్టి మార్చిలో ఒక గుప్పెడు సమతుల్య ఎరువు దాని చుట్టూ చల్లవచ్చు. లూపిన్ చిక్కుడు కుటుంబపు మొక్క, గాలిలోని నత్రజనిని వేరుబుడిపెలలో తానే నిల్వ చేసుకుంటుంది, దానికి పశువుల ఎరువు వేయకూడదు. మిగిలినవాటికి ఏటా పరిచే కంపోస్టు సరిపోతుంది.

చెల్సీ చాప్ అంటే ఏమిటి? అన్నిటికీ చేయవచ్చా?

లండన్‌లో చెల్సీ పూల ప్రదర్శన జరిగే మే నెలాఖరున, ఎదుగుతున్న మొక్కను మూడో వంతు నుంచి సగం దాకా కత్తిరించడం. దాని వల్ల మొక్క పక్క కొమ్మలు వేసి, కాస్త పొట్టిగా, గట్టిగా ఉండి, కొన్ని వారాలు ఆలస్యంగా, ఎక్కువ పూలతో పూస్తుంది. హెలీనియం, ఫ్లాక్స్, ఆస్టర్‌లకు బాగా పనికొస్తుంది. ఒకే దుబ్బులో ముందరి కాడలను మాత్రమే కత్తిరిస్తే పూత కాలం సాగుతుంది. డెల్ఫీనియం, లూపిన్, ఫాక్స్‌గ్లోవ్, హోలీహాక్‌లకు ఎన్నడూ చేయకూడదు, ఎందుకంటే మీరు కోసేది ఆ ఏటి పూకంకినే.

నీళ్ళు రోజూ పోయాలా?

వద్దు. నాటిన మొదటి వేసవిలో వాన లేకపోతే వారానికి ఒకసారి మొక్కకు ఒక పెద్ద క్యాను నీళ్ళు పాదులో నెమ్మదిగా పోయండి. రోజూ పైపైన చల్లితే వేళ్ళు పైనే తిరుగుతాయి.

హోలీహాక్ ఆకుల అడుగున నారింజ రంగు బుడిపెలు, లూపిన్ కంకి నిండా బూడిదరంగు పురుగులు. మందు కొట్టాలా?

మొదటిది తుప్పు తెగులు. అది పందొమ్మిదో శతాబ్దంలో దక్షిణ అమెరికా నుంచి ఐరోపాకు చేరినప్పటి నుంచి హోలీహాక్‌ను వదలలేదు. మందారం, బెండ, పత్తి కుటుంబానికే చెందిన ఈ మొక్క కింది ఆకులను తెగులు కనిపించిన రోజే గిల్లి చెత్తబుట్టలో వేయండి, కంపోస్టులో వేయవద్దు. గాలి ఆడేలా దూరంగా నాటండి, మొక్కను రెండేళ్ళకోసారి మార్చండి. కింది ఆకులు పోయిన వికారం కనిపించకుండా ముందు ఒక పొట్టి మొక్కను అడ్డు పెట్టుకోవడమే అందరూ చేసేది.

రెండవది లూపిన్ పేనుబంక. ఉత్తర అమెరికాకు చెందిన ఈ పెద్ద పేను బ్రిటన్‌లో 1981లో కనిపించింది. దీన్ని పక్షులు, అక్షింతల పురుగులు పెద్దగా తినవు, ఎందుకంటే లూపిన్‌లోని చేదు దీని ఒంట్లోనూ చేరుతుంది. కంకి మొదట్లో పది పేలు కనిపించినప్పుడే వేళ్ళతో నలిపేయాలి. కంకి మొత్తం కమ్ముకున్నాక కంకినే కోసి పారేయడం తప్ప దారి లేదు. పూలున్నప్పుడు మందు కొడితే తేనెటీగలు చస్తాయి.

## పూత వేళ, పూత తర్వాత

పూత అయిపోయాక ఏం చేయాలి? మళ్ళీ పూస్తుందా?

డెల్ఫీనియం మొదటి కంకి వాడగానే పూల భాగం వరకు కోసి, అడుగు నుంచి కొత్త చిగుళ్ళు రాగానే పాత కాండాన్ని నేల దగ్గరికి తీసేసి, నీళ్ళు, కాస్త ఎరువు ఇస్తే ఆగస్టు చివర, సెప్టెంబరులో చిన్న కంకులతో మళ్ళీ పూస్తుంది. లూపిన్ కంకిని గింజ కట్టకముందే కోస్తే పక్క కంకులు వస్తాయి. ఫాక్స్‌గ్లోవ్‌ను మాత్రం ఒకటి రెండు కంకులు గింజకు వదలండి, లేకపోతే రెండేళ్ళకు తోటలో ఫాక్స్‌గ్లోవే ఉండదు.

జూలై తర్వాత డెల్ఫీనియం ఉన్నచోట పెద్ద గొయ్యిలా ఖాళీ కనిపిస్తోంది. ఎలా కప్పాలి?

ఈ ఖాళీతో అందరూ ఇబ్బంది పడినవారే. గెర్ట్రూడ్ జెకిల్ డెల్ఫీనియం వెనక తెల్లపూల ఎవర్లాస్టింగ్ పీ తీగను పెంచి, పూత ముగియగానే మిగిలిన కాండాల మీదకు లాగేవారు. ఆ తీగ పూలు అయ్యాక దాని మీదకు జాక్మనీ క్లెమాటిస్ అనే మరో పూలతీగను వంచేవారు. ఒకే చోట ఒకదాని తర్వాత ఒకటిగా మూడు పూతలన్నమాట. అంత కూర్పు మనకు కుదరకపోయినా, దాని ముందు ఆగస్టులో ఎదిగే ఆస్టర్‌నో, జపనీస్ అనెమొనీనో నాటుకుంటే చాలు.

ఈ పూలను దేవుడికి పెట్టవచ్చా? కోసి ఇంట్లో పెట్టుకోవచ్చా?

పెట్టవచ్చునా కూడదా అన్నది మీ ఇంటి ఆచారం. నేను చెప్పగలిగేది ఒక్కటే: ఫాక్స్‌గ్లోవ్, డెల్ఫీనియం, మంక్స్‌హుడ్ పూలను తీర్థంలో గాని, ప్రసాదం పళ్ళెంలో గాని పడనీయవద్దు. వాటిని ఉంచిన పూలజాడీలో నీళ్ళు కూడా పిల్లలకు అందకూడదు. ఫ్లాక్స్, హెలీనియం, ఆస్టర్‌లు పటానికి దండ కట్టడానికి కూడా బాగుంటాయి, హెలీనియం దండను దూరం నుంచి చూస్తే బంతిపూల దండే అనుకుంటారు. కోతకు ఉదయం మంచి సమయం. డెల్ఫీనియం కంకిలో కింది మూడో వంతు విచ్చినప్పుడు కోస్తే మిగిలినవి జాడీలో విచ్చుకుంటాయి.

## శీతాకాలం, మరుసటి ఏడు

నవంబరులో మొక్క మొత్తం మాయమైంది. చచ్చిపోయిందా?

లేదు. పసుపు, కంద ఆకులు ఎండి నేలలో దుంప మిగిలినట్టే, ఇవి కూడా పైభాగాన్ని వదిలేసి వేరుమొదలులో చలికాలం గడుపుతాయి. మార్చిలో చిగుళ్ళు వస్తాయి. అసలు ప్రమాదం మన పారతోనే: ఖాళీగా ఉందనుకుని అక్కడే తులిప్ దుంపలు పాతడానికి తవ్వుతాం. ప్రతి మొక్క పక్కన చిన్న కర్రనో, పేరు రాసిన పలకనో శరదృతువులోనే గుచ్చి ఉంచండి.

ఎండిన కాడలను శరదృతువులోనే కోసేయాలా?

ఎకినాప్స్, వెరోనికాస్ట్రం, వెర్బీనా కాడలను ఫిబ్రవరి చివరిదాకా వదలండి. గింజలు గోల్డ్‌ఫించ్ పిట్టలకు ఆహారం, బోలు కాడలు పురుగులకు చలికాలపు ఇల్లు, వాటి మీద పేరుకున్న మంచు చూడడానికీ బాగుంటుంది. తుప్పు, బూడిద తెగులు సోకిన హోలీహాక్, ఫ్లాక్స్‌లను మాత్రం అక్టోబరులోనే కోసి శుభ్రం చేయాలి. వెర్బీనా చలికి సున్నితమైనది కాబట్టి పాత కాడలు దాని మొదలుకు కాస్త కాపు కూడా అవుతాయి.

దుబ్బు మధ్యలో బోడిగా అయిపోయింది, చుట్టూ మాత్రమే చిగుళ్ళు. విడదీయడం ఎలా?

హెలీనియం, ఆస్టర్, ఫ్లాక్స్‌లను మూడు నాలుగేళ్ళకోసారి మార్చిలో మొత్తం తవ్వి, పారతోనో పాత రొట్టెల కత్తితోనో ముక్కలు చేసి, అంచున ఉన్న లేత పిలకలను తిరిగి నాటి, నడిమి ముసలి ముక్కను పారేయండి. డెల్ఫీనియంకు ఇంతకంటే మంచి దారి ఉంది: మార్చి, ఏప్రిల్‌లలో ఏడెనిమిది సెంటీమీటర్ల చిగురును మొదట్లో కాస్త గట్టి భాగంతో సహా కోసి, ఇసుక కలిపిన కంపోస్టులో నాటితే వేళ్ళు వేస్తుంది. చిగురు అడుగు బోలుగా ఉంటే వేరు పట్టదు. ముదిరిన దుబ్బులో ఐదు నుంచి ఏడు చిగుళ్ళను మాత్రమే ఉంచి మిగతావి తీసేయాలి కాబట్టి, తీసినవే మీ కొత్త మొక్కలు అవుతాయి. లూపిన్, హోలీహాక్‌లకు తల్లివేరు ఉంటుంది, వాటిని విడదీయబోతే చస్తాయి.

పక్కింటావిడ ఇచ్చిన లూపిన్ గింజలు వేస్తే రంగులు వేరే వచ్చాయి. మోసమా?

కాదు. నేటి తోట లూపిన్‌లకు మూలం యార్క్ నగరపు తోటమాలి జార్జ్ రస్సెల్ 1911 నుంచి రెండు దశాబ్దాలకు పైగా ఏరి, వడగట్టి తయారుచేసి, 1937లో లోకానికి చూపిన రకాలు. తేనెటీగలే పరాగాన్ని మోసి కలిపిన సంకరాల్లోంచి ఆయన నచ్చనివాటిని పీకేస్తూ పోయాడు. గింజ వేసిన ప్రతిసారీ ఆ కలయిక మళ్ళీ జరుగుతుంది. నచ్చని రంగును మీరూ పీకేయండి.

హైదరాబాద్‌లో అమ్మవాళ్ళింట్లో, డాలస్‌లో చెల్లెలి ఇంట్లో కూడా ఇవే పెంచవచ్చా?

బహువార్షికాలుగా పెంచలేరు. డెల్ఫీనియం, లూపిన్‌లకు చల్లటి రాత్రులు కావాలి, హైదరాబాద్ ఏప్రిల్‌ను గానీ డాలస్ జూలైను గానీ అవి తట్టుకోలేవు. రెండు చోట్లా శరదృతువులో గింజ వేసి, డెల్ఫీనియంకు దగ్గరి బంధువైన లార్క్‌స్పర్‌ను చలికాలపు, వసంతపు ఏకవార్షికంగా పెంచుకోవచ్చు. హైదరాబాద్‌లో హోలీహాక్ గింజను సెప్టెంబరు, అక్టోబరుల్లో వేస్తే ఫిబ్రవరి, మార్చి నాటికి పూస్తుంది, మే ఎండకు పోతుంది. ఏళ్ళ తరబడి నిలిచే నిలువెత్తు పూలే కావాలంటే అమ్మగారి పెరట్లో మెట్టతామర, చంద్రకాంత, మార్కెట్లో లిల్లీ అని అమ్మే నేలసంపెంగ ఉండనే ఉన్నాయి. వీటి దుంపలు కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కలు అమ్మే ఏ దుకాణంలోనైనా అడిగి తెప్పించుకోవచ్చు, మెట్టతామరకైతే ఊతకర్ర కూడా అక్కర్లేదు.